చేపల చెరువు గట్టు మీద కంటి డ్రిల్లు

నేను డాక్టరును కాను. ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఒక్కరూ నమ్మలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కంటి పరీక్షలు చేసే అసిస్టెంటును. గోడకు అక్షరాల చార్టు తగిలించి చదివించడం, కళ్ళజోడు నంబరు రాయడం, కంట్లో శుక్లం కనబడితే ఏలూరు ఆసుపత్రికి చీటీ రాసి పంపించడం, ఇదీ నా పని. అయినా కొల్లేటి ఊళ్ళలో నేను కళ్ళ డాక్టరు గారినే. మొదట్లో సరిదిద్దేవాణ్ణి. పోనుపోను ఆ పిలుపు చెవికి బాగానే ఉందనిపించి మానేశాను.

ఈమధ్య ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒకమ్మాయి మా ఇంటికి వచ్చి, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏదండీ అని అడిగింది. కంట్లో గాలం గుచ్చుకున్న మనిషి గురించో, కంట్లోంచి పురుగు తీయడం గురించో చెబుతాననుకుంది. నేను మాత్రం ఈ కథ చెప్పాను. మొదట్నుంచీ నవ్వుతూ విని, చివర్లో పుస్తకం తీసి రెండు ముక్కలు రాసుకుంది. అలా రాసుకోవలసిందేదో ఇందులో ఉందని అప్పుడే నాకు తోచింది. అందుకే మీ అందరికీ చెబుతున్నాను.

అప్పటికి నా రిటైర్మెంటు ఇంకా ఏడెనిమిదేళ్ళు ఉంది. పెదపాడు దాటి కొల్లేటి వైపు వెళితే వచ్చే ఊళ్ళు నా పరిధి. పిల్లలు ఫోన్లు చూసి చూసి కళ్ళు పాడుచేసుకుంటున్నారు, ఊరూరా తిరిగి కంటి వ్యాయామాలు నేర్పించండి అని ఆ ఏడు పైనుంచి చెప్పారు. నేను నాలుగు ఎంచుకున్నాను. ఒకటి, ఇరవైసార్లు మెల్లగా రెప్పలార్పడం. ఫోను చూసేవాడు, పుస్తకం చదివేవాడు రెప్ప వేయడం మర్చిపోతాడు, కన్ను ఎండిపోతుంది. రెండు, అరచేతులు రుద్ది వెచ్చబరిచి, మూసిన కళ్ళ మీద దొప్పల్లా పెట్టడం. నొక్కకూడదు, ఆనీ ఆననట్టుండాలి. మూడు, చేతిలో ఉన్నది ఆపి దూరంగా ఉన్నదేదైనా కాసేపు చూడడం. దానికి మా వైపు కొదవలేదు, ఏ గట్టు మీద నిలబడినా చూపు ఆనినంత మేరా నీళ్ళే, వాటి మీద కొంగలే. నాలుగు, పెన్ను మొనను చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, దాన్నే చూస్తూ ముక్కు దగ్గరికి తెచ్చి, రెండుగా కనబడబోయే ముందు ఆగి, మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళడం.

వీటివల్ల అలిసిన కన్ను తేరుకుంటుంది. రెండు కళ్ళూ కలిసి పనిచేయడం నేర్చుకుంటాయి. అంతే. కళ్ళజోడు నంబరు పోదు. శుక్లం కరగదు. ఇది నాకు బాగా తెలుసు. తెలిసి కూడా చెప్పవలసిన చోట చెప్పలేదు. కథంతా అక్కడే ఉంది.

ఆ ఊళ్ళలో ఒకదాంట్లో ఒక మాస్టారుండేవారు. నేను తాడేపల్లిగూడెంలో ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు మాకు లెక్కలు చెప్పినాయన. హెడ్మాస్టరుగా రిటైరయ్యాక భార్య పుట్టినూరని ఇక్కడ స్థిరపడ్డారు. డెబ్బై అయిదేళ్ళు. మనిషి నిటారుగా ఉండేవారు, చొక్కా మడత నలిగేది కాదు. నాకు యాభై దాటినా, ఇద్దరు పిల్లల తండ్రినైనా, ఆయన గుమ్మంలో కనబడితే కుర్చీలోంచి లేచి నిలబడేవాణ్ణి. క్షేత్రగణితంలో నాకు వచ్చిన మార్కులు ఆయనకు ఇంకా గుర్తుంటాయేమోనని ఓ మూల భయం.

నేను బడిలో వ్యాయామాలు నేర్పిన రోజు ఆయన కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. అంతా అయ్యాక నన్ను పక్కకు పిలిచారు. ఎడమ కంట్లో మంచు పట్టినట్టుంటోందట, కుడి కన్నూ అదే దారిలో ఉందట. నేను టార్చి వేసి చూశాను. రెండింటిలోనూ శుక్లమే, ఎడమది బాగా ముదిరింది. ఆ మాట చెప్పి, ఏలూరు వెళదామండి అన్నాను. ఆయన ఆ సంగతి వినిపించుకోకుండా, నా చేతిలో ఉన్న పెన్ను వంక చూస్తూ అడిగారు.

"ఈ వ్యాయామాలు చేస్తే ఈ పొర పోతుందంటావా?"

పోదండి అనాలి. మూడక్షరాల మాట. కానీ మా గోదావరి వాళ్ళకు ఎదుటి మనిషిని నొప్పించడమంటే ప్రాణం మీదికొస్తుంది. అందులోనూ లెక్కల మాస్టారు.

"చేస్తే మంచిదేనండి," అన్నాను.

ఆయన తలాడించి వెళ్ళిపోయారు. నేనూ నా అక్షరాల చార్టు చంకన పెట్టుకుని బస్సెక్కాను. మంచిదే కదా, అబద్ధమేముంది అని దారి పొడవునా నాకు నేనే చెప్పుకున్నాను. అన్నిసార్లు చెప్పుకోవలసి వచ్చినప్పుడే అనుమానపడి ఉండవలసింది.

పదిహేను రోజుల తరవాత ఆ ఊరు వెళ్ళేసరికి చేపల చెరువు గట్టు మీద ఇరవైమంది వరసలో నిలబడి ఉన్నారు. ఎదురుగా మాస్టారు, మెళ్ళో ఈల. ఒక ఈల వేస్తే రెప్పలు, రెండు ఈలలు వేస్తే అరచేతులు, మూడు వేస్తే పెన్ను మొన, పొడుగు ఈల వేస్తే కొంగలు. హాజరు పట్టీ కూడా ఉంది. వలలు అల్లేవాళ్ళు, చెరువులకు మేత వేసేవాళ్ళు, ఊళ్ళో పురోహితుడు గారు, ఇద్దరు టీచర్లు, అందరూ రోజూ పొద్దున్నే అరగంట వస్తున్నారు. రానివాళ్ళ ఇంటికి మాస్టారే వెళుతున్నారు. ఆయన గుమ్మంలోకి రావడం కంటే గట్టు మీదికి పోవడమే సులువని అందరికీ తెలుసు.

నాకు సంతోషమే వేసింది. నేను నేర్పింది ఒక ఊరు ఊరంతా చేయడం సర్వీసులో అదే మొదలు. అందులో కొందరికి నిజంగా గుణం కనిపించింది కూడా. వలలు అల్లే ఒకావిడ ఉండేది, నలభై లోపు వయసు. సాయంత్రమయ్యేసరికి తలపోటు వస్తోందని, వల ముడి ఒకటి రెండుగా కనబడుతోందని ఏడాది క్రితం నా దగ్గరికొచ్చింది. అప్పుడు నేను తొందరలో దగ్గరి చూపుకు కళ్ళజోడు రాసి పంపించేశాను. దానివల్ల ఆవిడకేమీ ఒరగలేదు. తప్పు చూపుది కాదు, దగ్గరి వస్తువు మీదికి రెండు కళ్ళూ సరిగ్గా కలవకపోవడం. ఆ సంగతి నేను చూడనే లేదు. పెన్ను మొన వ్యాయామం అచ్చంగా దానికే మందు. నెలన్నరకు ఆవిడ తలపోటు పోయింది. నేను కళ్ళజోడు ఇచ్చినప్పుడు రాని గుణం మాస్టారు ఈల వేస్తే వచ్చిందని ఊళ్ళో చెప్పుకున్నారు. ఒక విధంగా అది నిజమే.

చిక్కల్లా ఏమిటంటే, ఒక మందు ఒకరికి పనిచేస్తే అందరికీ పనిచేస్తుందని మనవాళ్ళ నమ్మకం. డ్రిల్లుకు వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే కళ్ళజోళ్ళు తీసి పెట్టెల్లో పెట్టేశారు. మాస్టారే ముందు తీసేశారు. పురోహితుడు గారు జోడు లేకుండా ఓ పెళ్ళిలో సంకల్పం చదివి, పెళ్ళికొడుకు గోత్రం బదులు పెళ్ళికూతురి మేనమామ గోత్రం చెప్పారట. పెళ్ళివారు పెద్దమనసు చేసుకుని మళ్ళీ చెప్పించుకున్నారు. ఈ సంగతి విని నేనూ నవ్వాను. మా ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ గారు మాత్రం నవ్వలేదు. చిన్నపిల్ల, మా అమ్మాయి కంటే రెండేళ్ళు పెద్దదేమో. ఆ ఊరినుంచి మూడు నెలలుగా ఒక్క శుక్లం కేసు కూడా రాలేదేమండీ అని రిజిస్టరు చూపించి అడిగింది. వాళ్ళ కళ్ళు బాగున్నాయేమోనండి అన్నాను. ఆవిడ నా మొహంలోకి ఓసారి చూసి రిజిస్టరు మూసేసింది.

ఆపైన మాస్టారి నుంచి కబురొచ్చింది. డ్రిల్లు మొదలుపెట్టి వంద రోజులవుతోంది, ఆదివారం చిన్న సభ, నాకు శాలువా కప్పుతారట, చార్టు తీసుకుని రమ్మన్నారు. ఆయన జోడు లేకుండా దాన్ని చివరి వరస దాకా చదివి చూపిస్తారట.  శుక్లం కరిగి ఉండదని నాకు తెలుసు. కానీ శాలువా అంటున్నారు. ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాను.

చెరువు మోటారు షెడ్డు గోడకు మేకు కొట్టి చార్టు తగిలించారు. నేను టేపు పట్టి ఆరు మీటర్లు కొలిచి సుద్దతో గీత గీశాను. మాస్టారు గీత మీద నిలబడ్డారు. ఇటూ అటూ చాపల మీద ఊరంతా కూర్చుంది. ఆయన భార్య, రెండో తరగతి చదివే మనవరాలు ముందు వరసలో ఉన్నారు. నేను శాలువా కప్పుకుని మాస్టారి పక్కన జనం వైపు తిరిగి నిలబడ్డాను.

ఆయన ఎడమ కన్ను మూసుకుని మొదలుపెట్టారు. పై వరసలో పెద్ద అక్షరం, కింది వరసలో రెండు, ఆ కింద మూడు. గొంతు ఖంగుమంటోంది. ఒక్కటీ తప్పు పోవడం లేదు. ఆరో వరసకు వచ్చారు. ఇరవై ఏళ్ళుగా నేను చదివిన వైద్యమంతా తప్పేమో అనిపించింది. ఏడో వరస కూడా పూర్తి చేశారు. నేను చప్పట్లకు చేతులెత్తాను.

ఎవరూ కొట్టలేదు. అందరూ షెడ్డు గోడ వైపు చూస్తున్నారు. కొంతమంది తలలు దించుకున్నారు. అప్పుడు వలలు అల్లే ఆవిడ లేచి నా దగ్గరికొచ్చి, పక్కవాళ్ళకు వినబడనంత మెల్లగా అంది.

"డాక్టరు గారండీ, ఓసారి అటు చూడండి. చార్టు ఎప్పుడో తిరగబడిపోయిందండి."

చూశాను. కొల్లేటి గాలికి అట్ట వెనక్కి తిరిగి ఉంది. మేకుకు వేలాడుతున్నది తెల్లటి వట్టి అట్ట. దాని మీద ఒక్క అక్షరం లేదు.

మాస్టారు చార్టు మొత్తం బట్టీ పట్టారు. సరే, ఆయన అలా చేశారు. మరి నేను? పక్కనే ఉండి ఆయన ఒక్కొక్క అక్షరం చెబుతుంటే లోలోపల సరి చూసుకుంటూ, ఒక్కసారి కూడా గోడ వైపు తిరగలేదు. నాకూ అది నోటికే వచ్చు మరి. కంటిచూపు గురించి జరిగిన ఆ సభలో కళ్ళు వాడనివాళ్ళం మేమిద్దరమే.

ఆవిడ అక్కడే నిలబడింది. ఇంకొక మాట కూడా అంది. పోయిన మంగళవారం మాస్టారు మనవరాలిని బడికి తీసుకెళుతూ, గట్టు మీద ఆరేసిన ఆవిడ వలను దారి అనుకుని మోపెడ్ దాని మీదికి పోనిచ్చారట. ఇంకో మూరెడు పక్కకు వెళితే చెరువే. వల బాగుచేసుకున్నానండి, ఆ సంగతి కాదు, వెనకాల పాప ఉందండి అంది. ఈ వ్యాయామాలతో అందరికంటే ఎక్కువ మేలు పొందింది ఆవిడే. మాస్టారంటే దండం పెట్టేది. అయినా లేచి చెప్పింది ఆవిడొక్కతే.

నేను మాస్టారి చెవి దగ్గర చార్టు తిరగబడిందండి అన్నాను. ఆయన మొహంలో ఏమీ మారలేదు. జనం వైపు తిరిగి పది నిమిషాలు ఇంటర్వెల్ అని ప్రకటించి, ఈల వేసి, నా భుజం పట్టుకుని షెడ్డులోకి నడిచారు. గడప తగిలి తూలారు. లోపల మేత బస్తాల మీద కూర్చున్నాం. తవుడు వాసన. 

ఆయనే ముందు చెప్పారు. వాళ్ళమ్మ గారికి వెనకటి రోజుల్లో ఎక్కడో శిబిరంలో కంటికి ఆపరేషన్ చేశారట. చూపు రాలేదు సరికదా, ఉన్న కాస్తా పోయిందట. పదేళ్ళు ఆవిడ గోడ తడుముకుంటూ పెరట్లోకి వెళ్ళడం ఆయన చూశారు. కంటి మీద కత్తి అన్న మాట ఎవరెత్తినా మాట మార్చేసేవారట. చార్టు బట్టీ పట్టడానికి నాలుగు వారాలు పట్టిందని, నువ్వు బడిలో తగిలించినప్పుడల్లా మనవరాలిచేత చదివించుకున్నానని చెప్పారు.

"అయినా నువ్వే కదురా మంచిదేనన్నావు," అన్నారు.

తప్పించుకోవడానికి అప్పటికీ దారి ఉంది. నేను వ్యాయామం మంచిదన్నానండి, శుక్లానికని అనలేదండి అనవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. బయట పాప నవ్వు వినబడింది. ఆ మాట మింగేశాను.

"తెలిసీ చెప్పలేదండి మాస్టారూ. పోదని నాకు ఆ రోజే తెలుసు. చెప్పడానికి భయమేసింది."

"ఎవరంటే?"

"మీరంటేనండి."

ఆయన నా వైపు చూశారు. నేను ఎంతవరకు కనబడ్డానో తెలియదు. "నేను కత్తంటే భయపడ్డాను. నువ్వు నేనంటే భయపడ్డావు. మన ఇద్దర్నీ నమ్ముకుని వీళ్ళంతా జోళ్ళు తీసేశారు," అన్నారు. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. లేచి చొక్కా సవరించుకుని, నాతో చెప్పింది బయట వాళ్ళకీ చెప్పు అన్నారు.

చెప్పాను. శాలువా తీసి మడత పెట్టి మరీ చెప్పాను. ఈ వ్యాయామాలు దేనికి పనికొస్తాయో, దేనికి పనికిరావో, శుక్లానికి ఆపరేషన్ తప్ప మార్గం లేదని, ఆ సంగతి దాచడం నా తప్పని చెప్పాను. మాస్టారు నా పక్కనే నిలబడి, తాను చదివింది చార్టును కాదని, బట్టీ పట్టిన పాఠాన్ని అని ఒప్పుకున్నారు. నలభై ఏళ్ళు పిల్లల్ని బట్టీ పట్టొద్దని తిట్టిన మనిషి. చాపల మీద ఎవరో కిసుక్కుమన్నారు. అది చూసి ఇంకొకరు. కాసేపటికి మాస్టారి భార్య కూడా కొంగు అడ్డం పెట్టుకున్నారు. మోపెడ్ తాళం దాచేయమని నేను ఆవిడతో అంటే, దాచడమెందుకండీ, ఎదురుగా పెట్టినా ఆయనకు కనబడదు కదా అన్నారు.

ఆ పూటంతా అక్కడే పరీక్షలు చేశాను. మాస్టారే ఈల వేసి వరస కట్టించారు. తొమ్మిదిమందికి శుక్లం చీటీలు రాశాను. పదో చీటీ మాస్టారిది. వాటిని మర్నాడు డాక్టరమ్మ గారి బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పాను. ఆవిడ విని, ఈసారి నవ్వింది. నవ్వి, ఇలాంటివి మూడు నెలల ముందు చెప్పాలండీ అంది. అంతకంటే పెద్ద మెమో నా సర్వీసులో నేను అందుకోలేదు.

ఆపరేషన్ రోజున ఏలూరులో మాస్టారి భార్యతో కలిసి బయట బల్ల మీద కూర్చున్నాను. చీటీలు రాసి పంపడమే గాని, బయట కూర్చోవడం నాకు అదే మొదటిసారి. గోడ గడియారం ముల్లు ఎంత మెల్లగా కదులుతుందో ఆ రోజు తెలిసింది. వాళ్ళమ్మ గారి సంగతి ఒకటే గుర్తుకొస్తోంది. ఏదైనా అటూ ఇటూ అయితే ఈవిడకు ఏం చెప్పాలో తోచలేదు. ఏమీ కాలేదు. మర్నాడు కట్టు విప్పాక చదవమని చార్టు చూపిస్తే, అది నాకు వచ్చు, వేరేది తెమ్మన్నారట మాస్టారు. వేరేది తెచ్చారు. దాన్ని తప్పుల్లేకుండా చదివి, చదివాక ఎవరూ అడక్కుండానే మళ్ళీ మొదట్నుంచి చదివారని అక్కడి నర్సు చెప్పింది. రెండో కంటికి తేదీ ఆయనే అడిగి రాయించుకున్నారు.

డ్రిల్లు ఆగలేదు. జోడు ఉన్నవాళ్ళు జోడు పెట్టుకుని రావాలన్న నిబంధన చేరింది, అంతే. ఆ పైన మాస్టారికి ఇంకొక పని కూడా పట్టుకుంది. ఆపరేషన్‌కు భయపడేవాళ్ళ వెంట తానే ఏలూరు వెళ్ళి బయట బల్ల మీద కూర్చునేవారు. నేను ఏళ్ళ తరబడి బతిమాలినా కదలనివాళ్ళు, నేనూ వణికానయ్యా అని ఆయన చెబితే కదిలారు. నేను రిటైరయ్యేనాటికి ఆ ఊళ్ళో చీటీ రాయడమే గాని, ఒప్పించే పని నాకు లేకుండా పోయింది.

నిరుడు నా కుడి కంట్లో శుక్లం వచ్చింది. ముందుగా కనిపెట్టింది నేనే. ఎండలు తగ్గాక చూద్దామనుకున్నాను. ఆ తరవాత వానలు తగ్గాక అనుకున్నాను. ఇంతమందిని పంపినవాడికి భయమా అంటారేమో. ఉంది. పంపడం వేరు, వెళ్ళడం వేరు. ఒక మధ్యాహ్నం గదిలో కూర్చుని పెన్ను ముక్కు దగ్గరికి తెచ్చుకుంటూ మా ఆవిడ కంటపడ్డాను.  ఆవిడ వసారాలోకి వెళ్ళి ఎవరికో ఫోను చేసింది.

మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకు మాస్టారు దిగారు. ఎనభై మూడేళ్ళు, చేతిలో గొడుగు. నేను లేచి నిలబడ్డాను. ఆయన కూర్చోలేదు.

"ఏరా, తేదీ ఎప్పుడిచ్చారు?"

"రేపు కనుక్కుంటానండి."

"చొక్కా వేసుకో," అన్నారు.

వారం తిరిగేసరికి నన్ను ఏలూరులో ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టారు. మొహం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి, కన్ను ఒక్కటే తెరిచి ఉంచారు. కాళ్ళు నా మాట వినడం లేదు. తలుపు అవతల వరండాలో ఎవరో పెద్దగొంతుతో, పావుగంట పనండీ, నేను రెండుసార్లు పడుకుని లేచాను, ఇదుగో ఈ లోపల ఉన్నవాడు నా శిష్యుడే, నిక్షేపంలా ఉన్నాడు అని చెబుతున్నారు. ఆయన మీకేమవుతారండీ అని నర్సు అడిగింది. మా లెక్కల మాస్టారండి అన్నాను. డాక్టరు గారు మాట్లాడొద్దన్నారు, కదలొద్దన్నారు.

నేను కదల్లేదు. కదిలితే అవతల ఆయనకు తెలిసిపోతుంది.